ఎడమచేతి ముద్ద

మీసం దగ్గరికి వచ్చేసరికి భవిత చేతికి ఊపొచ్చింది. లినోలియం పలక మీద ఉలి ఆనించి నెడుతుంటే బూడిదరంగు పొట్టు చుట్టలు చుట్టుకుని ఒళ్ళో పడుతోంది. మీసం కొసలు పైకి తిప్పింది. చాలదనిపించి ఇంకాస్త తిప్పింది. నుదుటి మీద కొమ్ములు అప్పటికే మొలిచాయి, కోరలు దిగాయి, మెడలో తెలుగు సమితి అధ్యక్షుడి శాలువా వేలాడుతోంది. ఆంజనేయప్రసాద్ గారిని ఎరిగినవాళ్ళు ఒక్క చూపులో గుర్తుపట్టాలి. గుర్తుపట్టి నవ్వాలి. ఆ నవ్వు ఆయన చెవిన పడాలి. ఇన్నాళ్ళకి తనకి దొరికిన సుఖం ఇదొక్కటే అనుకుంది భవిత.

కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో గ్రాండ్ నది ఒడ్డున ఉన్న ఆ పాత నూలుమిల్లులో మేడమీద గదిని మెక్సికో నుంచి వచ్చిన కళాకారులు కొందరు తీసుకున్నారు. ఒంటారియో టమాటా తోటల్లోకి కూలికొచ్చే తమవాళ్ళ బతుకుల్ని బొమ్మలు చెక్కి, అచ్చులు తీసి, ఊరంతా అంటిస్తారు. తమ బృందానికి ‘కొమాల్’ అని పేరు పెట్టుకున్నారు. అంటే రొట్టెలు కాల్చే పెనం. బస్‌స్టాప్ పక్క గోడ మీద వాళ్ళ బొమ్మ చూసే భవిత ఈ మెట్లెక్కింది. ఒక పెద్ద టమాటా ట్రే, అందులో టమాటాలకి బదులు వరసగా పడుకున్న మనుషులు. కింద ఎవరి పేరూ లేదు. అది చూసి ఆమె బస్ వదిలేసింది.

"బాగా పడింది," అన్నాడు చుయ్, ఆమె భుజం మీదుగా తొంగిచూసి. బృందంలో అందరికన్నా చిన్నవాడు, దేన్నైనా మెచ్చుకుంటాడు. "ఈ దెయ్యాన్ని నేనే తీసుకెళ్ళి అంటిస్తా."

బృందానికి పెద్దదిక్కు ఒఫేలియా మెచ్చుకోలేదు. నెరిసిన జడని ముడేసుకుంటూ వచ్చి, పలకని వెలుగులో ఏటవాలుగా పట్టుకుంది. "మా ఊళ్ళో ఒక మేయర్‌ని ఇలాగే దెయ్యంగా చెక్కాం. ఆయనొచ్చి ఒక కాపీ అడిగి పట్టుకెళ్ళాడు. ఫ్రేము కట్టించి ఆఫీసులో తగిలించుకున్నాడు. దెయ్యమంటే వాళ్ళకి బాధ లేదమ్మాయ్, కాస్త గొప్ప కూడాను."

"ఈయన తగిలించుకోడు."

"సరే. దెబ్బ తగిలినమ్మాయి చూసిందా దీన్ని?"

భవిత ఒళ్ళో పొట్టు దులుపుకుంది. అక్కడి కట్టుబాటు ఆమెకి మొదటిరోజే చెప్పారు. బొమ్మ ఎవరైనా గియ్యొచ్చు, ఎవరైనా చెక్కొచ్చు. కానీ కష్టం ఎవరికి జరిగిందో వాళ్ళొచ్చి, బొమ్మ చూసి, ఊ అనాలి. ఆ ఊ పడేదాకా పలక మీద ఇంకు పడదు.

"శనివారం తీసుకురా," అని ఒఫేలియా వెళ్ళిపోయింది. ఆవిడ వీపు అటు తిరగగానే భవిత కట్టుబాటుని గట్టున పెట్టి, రోలర్‌తో ఇంకు పూసి ఒక్క కాపీ తీసింది. నల్లగా, నిగనిగలాడుతూ వచ్చాడు ఆంజనేయప్రసాద్. చూసుకుంటే కడుపు నిండింది. తడి ఆరాక మడిచి బ్యాగులో దాచుకుంది.

*

ఇంటికి వెళ్ళేసరికి అసలు మనిషే వచ్చి కూర్చుని ఉన్నారు. కొమ్ములు లేవు, కోరలు లేవు. ఇస్త్రీ చొక్కాలో శుభ్రంగా, పిల్లల క్షేమం కనుక్కునే పెద్దమనిషిలా ఉన్నారు. పక్కన ఆయన భార్య శాంత ఆంటీ, ఒళ్ళో స్టీలు క్యారియర్. గుమ్మం దగ్గర ఉగాది భోజనాల సామాను: ఆకు విస్తళ్ళ కట్టలు, బల్లల మీద పరిచే తెల్ల కాగితపు చుట్ట. హాలు ఈ ఇంటికి దగ్గర గనక సామానంతా ఇక్కడే దించుతారు. మోతకీ పరవడానికీ ఎత్తడానికీ ఈ ఇంట్లో అద్దెకుండే పిల్లలే. అందరికీ వేర్‌హౌస్‌లో పని ఇప్పించింది ఆయన ఏజెన్సీయే కాబట్టి కాదనేవాళ్ళు లేరు.

సోఫా చివర, భవితతో పాటే ఆ ఇంట్లో ఉండే ధాత్రి కూర్చుంది. కుడిచేతి కట్టుని చున్నీ కింద పెట్టుకుంది. చూపుడువేలూ నడిమివేలూ సగం దాకా పోయాయి, బొటనవేలికి కుట్లు పడ్డాయి. కన్వేయర్ రోలర్ మీద ఉండాల్సిన మూతని, మాటిమాటికీ పని ఆగిపోతోందని ఎవరో ఊడదీసి పక్కన పెట్టారు. ఆ రోజు భవితకి షిఫ్ట్ లేదు. ఉన్నవాళ్ళకేమో నోళ్ళు లేవు, వర్క్ పర్మిట్లు ఉన్నాయి.

"ఆదివారం ప్రోగ్రామ్‌లో నిన్ను స్టేజి మీదకి పిలుస్తానమ్మా ధాత్రీ," అంటున్నారు ఆంజనేయప్రసాద్. "సమితి తరఫున శాలువా, కాస్త సాయం. నువ్వు రెండు ముక్కలు మాట్లాడు. మంచు మీద జారావు, ఆంటీ కారు తలుపు పడింది. హాస్పిటల్లో చెప్పిన మాటే. పదిమందిలో ఒక మాట అనుకున్నాక ఇంక దాన్ని కదపకూడదు."

"అంకుల్, పనిలో దెబ్బ తగిలితే క్లెయిమ్ వేసుకోవచ్చని కాలేజీలో..." ధాత్రి కట్టుని చున్నీ కిందికి ఇంకాస్త జరుపుకుంది.

"వెయ్యొచ్చమ్మా. ఎవరు కాదన్నారు? వేస్తే ఇన్‌స్పెక్షన్ వస్తుంది. కంపెనీ వాళ్ళు రేపట్నుంచి మన పిల్లలు వద్దంటారు. ఇక్కడే ఉండిపోవడానికి PR వేస్తే నీకు ఎక్స్‌పీరియెన్స్ లెటర్ ఎవరిస్తారు? నేను నీ మంచి కోరే చెప్తున్నా." ఆయన భార్య వైపు తిరిగి నవ్వారు. "తప్పంతా మీ ఆంటీదే అని నేనే అందరికీ చెప్పేశాను. ఆవిడ తొందర మీకు తెలిసిందే కదా."

శాంత ఆంటీ నవ్వలేదు, కాదనలేదు. క్యారియర్ గిన్నెలు విప్పి బల్ల మీద పెట్టింది. పులిహోర, పెరుగన్నం. ఆఖర్న హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక స్టీలు చెంచా తీసి, కొంగుతో తుడిచి, ధాత్రి ఎడమచేతి వైపు పెట్టింది. పెట్టాక ఆవిడ చేయి చెంచా మీదే కాసేపు ఆగింది.

వాళ్ళు వెళ్ళగానే భవిత తలుపు ధడేలున వేసింది. "గా ముసలోన్ని బజార్ల నిలబెట్టకపోతే నా పేరు భవిత కాదు. నువ్వు స్టేజి ఎక్కితే అయిపోయినట్లే, సమజైతుందా? అబద్ధానికి శాలువా కప్పినట్లే."

"నాకు తెలీదా?" అంది ధాత్రి. చెంచా పక్కకి నెట్టి, ఎడమచేతి వేళ్ళతో పులిహోర ఎత్తబోయింది. సగం మెతుకులు ఒళ్ళో రాలాయి. ఏరుకుంటూ అంది, "నేనే నోరు మూసుక్కూర్చుంటే నీకెందుకే అంత కోపం? కందకు లేని దురద కత్తిపీటకి అని."

భవితకి ఆ మాట ఎక్కడో తగిలింది. బ్యాగులోంచి దెయ్యం బొమ్మ తీసి ముందు పెట్టింది. ధాత్రి చాలాసేపు చూసింది. నవ్వుతుందని భవిత ఎదురుచూసింది, ధాత్రి నవ్వలేదు.

"ఆయన మీసం బాగా కుదిరింది," అంది చివరికి. "ఇందులో నా చెయ్యెక్కడుంది?"

*

శనివారం ధాత్రి మిల్లు మెట్లెక్కింది. బొమ్మలకి ఊ అనడానికి కాదు, ఇంట్లో ఉంటే ఫోన్లు వస్తున్నాయని. అప్పటికే ముగ్గురు ఆంటీలు ఫోన్ చేసి, శాంతకి అంత తొందరేమిటో, చూసి తలుపు వేసుకోవద్దా అని ధాత్రిని ఓదార్చారు.

దెయ్యం పలక చూసి ఆమె అడ్డంగా తల ఊపింది. ఒఫేలియా వెంటనే దాన్ని తీసి గోడవైపు తిప్పి పెట్టేసింది. ధాత్రికి ఒక స్టూలు చూపించి ఎదురుగా కూర్చుంది.

"నీ చేయి చేసే పనుల్లో నీకు బాగా గుర్తొచ్చేదేంటి?"

టైపింగ్ అంటుందేమో, సంతకం అంటుందేమో అనుకుంది భవిత. ధాత్రి కట్టు వైపు చూసుకుంది. "అన్నం కలుపుకోవడం," అంది. "పప్పన్నంలో నెయ్యి వేసుకుని వేళ్ళతో కలుపుకుంటాం చూడండీ, అది. ఎడమ చేత్తో తింటుంటే... ఎవరైనా చూస్తే చచ్చిపోవాలనిపిస్తుంది. గదిలోకెళ్ళి తలుపేసుకుని తింటున్నా."

భవిత ఒకే ఇంట్లో ఉంటోంది. ఆ తలుపు సంగతి ఆమెకి తెలియదు. మూసిన తలుపు వెనక ధాత్రి పడుకుందనుకుంది ఇన్నాళ్ళూ. పెన్సిల్ తీసుకుని కొత్త పలక మీద గీసింది. ఆకు ముందు వంగిన మనిషి. కట్టు కట్టిన కుడిచేయి దూరంగా బల్ల మీద పడి ఉంది. ఎడమచేతి ముద్ద నోటిదాకా రాకుండా మధ్యలో ఉంది. ధాత్రి చూసి, తల తిప్పుకుని, "ఊ," అంది. ఆ ఒక్క అక్షరానికి గదిలో అందరూ పని ఆపారు.

చెక్కడానికి చేతులన్నీ కలిశాయి. జుట్టు చుయ్ చెక్కాడు, ఆకు మీది ఈనెలు ఒఫేలియా తీసింది, చేతులు మాత్రం భవిత ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇంకు పూసి, కాగితం పరిచి, దాని వీపు మీద కొయ్య గరిటెలతో రుద్దారు. ప్రెస్ లేదు వాళ్ళకి, గరిటెలే ప్రెస్. చుయ్ రెండు చివర్లా పట్టుకుని కాగితాన్ని ఒలిచి పైకెత్తగానే గదిలో చప్పట్లు మోగాయి.

తెలుగు పిల్లలిద్దరూ చప్పట్లు కొట్టలేదు.

అచ్చులో బొమ్మ తిరగబడుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. చెక్కడం మొదలుపెట్టినవాళ్ళకి మొట్టమొదట చెప్పేది అదే. పగ తలకెక్కిన భవితకి అది గుర్తులేదు. చెయ్యంటే చెయ్యే అనుకునే మెక్సికో వాళ్ళకి గుర్తుచెయ్యాలని తోచలేదు. కాగితం మీద ఒక పిల్ల కుడిచేత్తో బుద్ధిగా అన్నం తింటోంది. కట్టు ఎడమచేతికి ఉంది.

"ఏమైంది?" అన్నాడు చుయ్. "బ్రహ్మాండంగా ఉంది కదా."

"ఇది నేను కాదు," అంది ధాత్రి. "దీనికేం కాలేదు. చక్కగా తింటోంది."

కుడిచేతికీ ఎడమచేతికీ తేడా ఏమిటో, ఒక చెయ్యి దేనికి, రెండో చెయ్యి దేనికో భవిత ఇంగ్లిష్‌లో చెప్పబోయి సగంలో ఆపేసింది. ఇంకో లినోలియం పలక లేదు. రేపే ఉగాది ప్రోగ్రామ్. ఆంజనేయప్రసాదే గెలిచినట్టు అనిపించింది, తన చేత్తోనే తను ఆయన అబద్ధాన్ని అచ్చు వేసినట్టు. కోపం పట్టలేక ఆ తడి కాగితాన్ని లాక్కుని, బోర్లా బల్ల మీద వేసి అరచేత్తో కొట్టింది. ఇంకోసారి కొట్టింది.

ఒఫేలియా ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి జరిపి, కాగితాన్ని మెల్లగా ఎత్తింది. బల్ల మీద పరిచి ఉన్న తెల్ల కాగితానికి ఆ తడి అంటింది. బొమ్మ మళ్ళీ తిరగబడింది. పల్చగా, బూడిదరంగులో, ధాత్రి ఎడమచేత్తో ముద్ద ఎత్తుతోంది.

"మరీ వెలిసిపోయింది," అన్నాడు చుయ్. "ఇంకు ఎక్కువ పూద్దామా?"

"వద్దు. ఇలాగే ఉండనీ," అంది ధాత్రి. దగ్గరికి వచ్చి వంగి చూసింది. "ఇది నేనే."

బల్ల మీద పరిచిన తెల్ల కాగితం. భవితకి ఇంటి గుమ్మంలో నిలబెట్టిన చుట్ట గుర్తొచ్చింది. ఎవరి చేతుల మీదుగా ఎక్కడ పరుస్తారో గుర్తొచ్చింది. ఆ ఆలోచన చెప్తున్నప్పుడు ఆమె మొహంలో వెలుగు చూసి చుయ్ ఈల వేశాడు. ధాత్రి ఈల వెయ్యలేదు. బల్ల మీది బూడిదరంగు బొమ్మని ఇంకోసారి చూసి మళ్ళీ ఊ అంది.

ఇంటి నుంచి ఆ చుట్ట తెచ్చాక సాయంత్రందాకా పని సాగింది. పలక మీద ఇంకు, ఇంకు మీద పల్చటి కాగితం, ఆ కాగితాన్ని తీసి చుట్ట మీద బోర్లించి రుద్దడం. చుట్ట విప్పుతూ ఆరబెడుతూ గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. కొయ్య గరిటెలన్నీ తలా ఒకరి చేతిలో ఉన్నాయి. ధాత్రి తిండికని తెచ్చుకున్న క్యారియర్‌లోంచి శాంత ఆంటీ ఇచ్చిన స్టీలు చెంచా తీసి, దాని వీపుతో, ఎడమచేత్తో రుద్దడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి తిన్నగా తిరిగే పని ఈ నెలలో అదొక్కటే.

ఒక్కటే భవితకి మింగుడుపడలేదు. ఇందులో ఆంజనేయప్రసాద్ లేడు. అంత పగ పెట్టుకుని, ఆయన మొహం లేని బొమ్మ చేసి, ఏం తీరినట్టు? ధాత్రి చూడకుండా, దెయ్యం బొమ్మ ఇంకా బ్యాగులోనే ఉందో లేదో తడిమి చూసుకుంది. ఆయన విస్తరి కింద ఇదే పెట్టాలని మనసులో ఒట్టేసుకుంది.

*

ఆదివారం హాల్లో ఉగాది పచ్చడి పంచారు, పంచాంగం చదివారు, పిల్లలు కూచిపూడి చేశారు. శాంత ఆంటీ కిచెన్ గుమ్మంలో కనబడగానే ధాత్రి కడిగిన క్యారియర్ చేతికిచ్చింది. పైన చెంచా ఉంది. దాని వీపు మీద నల్లటి ఇంకు, ఎంత తోమినా పోలేదు.

"ఇదేంటమ్మా?"

"పోవట్లేదాంటీ. సారీ."

ఆవిడ ఇంకేదో అడగబోయింది. అంతలో మైకులో భర్త గొంతు వినబడింది. మన బిడ్డ ధాత్రి మంచు మీద జారిందని, మా ఆవిడ కారు తలుపు చేసిన పాపమని, అందుకే ఆ బాధ్యత మా ఇంటిదని, భోజనాలయ్యాక ఆ అమ్మాయిని వేదిక మీదకి ఆహ్వానిస్తామని. కొందరు నవ్వుతూ శాంత ఆంటీ వైపు చూశారు. "తలుపులు మా ఇంట్లో కూడా ఉన్నాయి తల్లీ, నెమ్మదిగా వెయ్యి," అందో పెద్దావిడ. శాంత ఆంటీ క్యారియర్ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి బంతికి కాగితం పరిచిందీ, పరిచీ పరవగానే విస్తళ్ళు వేసిందీ భవిత, ధాత్రి. బొమ్మ మీద ఆకు సరిగ్గా సరిపోయింది. పప్పు, వంకాయకూర, పులిహోర, బొబ్బట్లు. జనం కబుర్లాడుకుంటూ తిన్నారు. తినడమయ్యాక అలవాటుగా ఆకుల్ని తమవైపు మడిచారు, ఎత్తారు.

ముందుగా మాట్లాడింది ఒక చిన్నపిల్ల. "మమ్మీ, వై ఈజ్ షి ఈటింగ్ విత్ హర్ లెఫ్ట్ హ్యాండ్? యూ సెడ్ ఇట్స్ బ్యాడ్."

తల్లి కాగితం వైపు చూసింది. తర్వాత తన ఎంగిలి కుడిచేతి వైపు చూసుకుంది. తలెత్తితే ఎదురుగా విస్తళ్ళు పోగుచేస్తూ ధాత్రి ఉంది, ఎడమచేత్తో. ఆ బల్ల పొడుగునా ఒకరి తర్వాత ఒకరు తలలెత్తారు. గోల గోలగా ఉన్న హాలు, కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. వేర్‌హౌస్ లైన్‌లో పనిచేసే కుర్రాడు లోహిత్ నేల చూపులు చూస్తూ, ఎవరూ అడగకుండానే అన్నాడు: "కారు తలుపు కాదది. రోలర్."

ఆంజనేయప్రసాద్ వచ్చారు. చూశారు. మొహంలో ఏమీ కదల్లేదు. ఎంతైనా అధ్యక్షుడు. "ఎంగిలి కాగితం తీసేసి కొత్తది పరవండమ్మా, రెండో బంతి వెయిటింగ్," అన్నారు.

భవిత వినయంగా పాతది చుట్టి, చుట్టలోంచి కొత్తది లాగి పరిచింది. ఈసారి ఆకులు వెయ్యడానికి తొందరపడలేదు. బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా ధాత్రులు. ఆయనే వచ్చి చుట్ట పట్టుకుని లాగారు. లాగినకొద్దీ ధాత్రి వచ్చింది. ఎవరు చేశారని అడగొచ్చు. అడిగితే, ఏమిటిదని ఎదురు అడుగుతారు. తేలుకుట్టిన దొంగలా చుట్ట వదిలేసి పక్కకి జరిగారు. రెండో బంతిలో జనం బొమ్మల అంచులు చూస్తూ తిన్నారు. బొబ్బట్లు మిగిలిపోయాయి.

కార్యవర్గం ఆనవాయితీగా ఆఖరి బంతిలో కూర్చుంది. లేచి వెళ్ళిపోతే వెళ్ళిపోయాడంటారు గనక ఆంజనేయప్రసాద్ కూడా కూర్చున్నారు. అప్పటిదాకా తినని ధాత్రి, ఆయనకి సరిగ్గా ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎడమచేత్తో పప్పన్నం కలుపుకుంది. వేళ్ళ సందుల్లోంచి పప్పు కారుతుంటే తుడుచుకోలేదు, తల దించుకోలేదు. మూసిన తలుపు వెనక తిన్న అన్నమంతా ఇప్పుడు అందరి ముందూ తింటున్నట్టు తింది.

భవిత ఆయన వెనక విస్తరి పట్టుకుని నిలబడి ఉంది. ఇప్పుడే. బ్యాగులో చెయ్యి పెట్టింది. మడత వేళ్ళకి తగిలింది.

ఆమెకన్నా ముందు శాంత ఆంటీ వచ్చింది. భవిత చేతిలోంచి విస్తరి తీసుకుని భర్త ముందు వేసింది. అన్నం పెట్టింది, పప్పు వేసింది, నెయ్యి వేసింది. కొంగున దోపుకున్న చెంచా తీసి, ఆయన ఎడమచేతి వైపు పెట్టింది. ఇంకు మరక పైకి కనబడేలా.

"ఇదెందుకే?"

"ఎడమ చేత్తో తినండి."

"శాంతా, అందరూ చూస్తున్నారు."

"చూడనివ్వండి. ఇన్నాళ్ళూ నన్ను చూశారు కదా." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం లేదు, హాల్లో గిన్నె చప్పుడు కూడా లేదు. "నా కారు తలుపు ఎవరి చేతి మీదా పడలేదు. మీరు ఫోన్ చేస్తే వేర్‌హౌస్ వెనక గేటు నుంచి ఈ పిల్లని నేనే తీసుకెళ్ళాను. దార్లో ఏం చెప్పాలో మీరు స్పీకర్‌లో నేర్పుతుంటే బండి తోలింది నేనే. సీటుకంటిన నెత్తురు కడిగిందీ నేనే. రేపు క్లెయిమ్ వెయ్యడానికి తీసుకెళ్ళేదీ, సాక్ష్యం చెప్పేదీ నేనే." ధాత్రి వైపు తిరిగింది. "పొద్దున్నే రెడీగా ఉండమ్మా."

ధాత్రి నోట్లో ముద్ద ఉంది. తల ఊపింది.

భవిత బ్యాగులోంచి చెయ్యి ఖాళీగా తీసేసింది. కొమ్ములకీ కోరలకీ ఆ బల్ల మీద చోటు లేదు. ఇన్ని రోజులు చూడాలని తపించిన ఆయన మొహం ఇప్పుడు ఎదురుగానే ఉంది, మామూలు మొహం, చెమట పట్టింది. చూస్తుంటే ఆమెకి జాలి కలగలేదు. హాయిగా ఉంది.

ఆంజనేయప్రసాద్ అటూ ఇటూ చూశారు. వరసలో ఒక్కరూ ముద్ద ఎత్తలేదు. చివరికి ఎడమచేత్తో చెంచా పట్టుకున్నారు. బొటనవేలికి నలుపంటింది. పప్పన్నం సగం దారిలో ఆకు మీద పడిపోయింది. మళ్ళీ ఎత్తారు.

అన్నం గిన్నె చంకన పెట్టుకుని శాంత ఆంటీ అక్కడే నిలబడింది, ఆయన మొదటి ముద్ద మింగేదాకా.